ర్యాంపు కాడికి బండి

చలాన్ మెసేజ్ వచ్చేసరికి ఫోన్ నా చేతిలోనే ఉంది. ఎప్పుడూ అక్కడే ఉంటుంది. నకిరేకల్‌లో మా పెదనాయిన ఇంటి వెనక గదిలో బాపు ముందు ఇడ్లీ పళ్లెం పెట్టి కూర్చున్నాను. ఎడమ చేత్తో తనే తింటానంటాడు. సగం ఒళ్లో పడుతుంది, ఇద్దరికీ కోపం వస్తుంది. లింక్ నొక్కితే ఫోటో తెరుచుకుంది. మా పాత తెల్ల కారు, నంబర్ ప్లేట్ చుట్టూ ఎర్ర గీత. కింద ఒక వాక్యం: వీల్‌చైర్ ర్యాంపుకు అడ్డంగా వాహనం నిలిపినందుకు.

"ఏందే అది?"

"చలాన్ బాపు. మొన్న నల్లగొండ దవాఖాన కాడ."

"నా బండికా?" చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉంది.

నేను పుట్టక ముందు నుంచీ బాపు లారీ నడిపాడు. హైదరాబాద్‌లో మేమున్న కిరాయి ఇంటి గల్లీలో ఆయన గొప్ప ఒక్కటే: బండి మీద ఒక్క చలాన్ లేదు. తాగి వచ్చినవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి మరీ చెప్పేవాడు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయాక పట్నంలో ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి వచ్చాం. వ్యాయామం చేయించడానికి నల్లగొండ తీసుకెళ్లేది నేనే. వెళ్లిన ప్రతిసారీ "ఇంకొక్క నెల బిడ్డా, నడుస్త" అనేవాడు. ఇంట్లో అందరం "ఔ" అనేవాళ్లం. వీల్‌చైర్ మాట ఎవరైనా ఎత్తితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. అందుకే కారు దగ్గర్నుంచి వ్యాయామం గది దాకా ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని, ఇంచుమించు ఈడ్చుకుంటూ తీసుకెళ్లేదాన్ని.

ఆ రోజు వ్యాయామం అయ్యేసరికి ఆయన కాళ్లలో సత్తువ లేదు. గది ముందు ఉండే ఆయమ్మ చూసి అరిచింది.

"గట్ల గుంజుకపోకు బిడ్డా, మనిషా మూటా? జర కూసోబెట్టి, గా ర్యాంపు కాడికి బండి తెచ్చుకో."

బాపును బల్ల మీద కూర్చోబెట్టి పరిగెత్తాను. రోడ్డుకు అవతల పెట్టిన కారు తెచ్చి ర్యాంపు కిందే నిలిపాను. లోపలికెళ్లి బాపును లేపి, ఆగుతూ, తిట్టుకుంటూ బయటికి తెచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆ మధ్యలో ఎవరో పోలీసు ఫోటో తీసుకుని వెళ్లాడన్నమాట.

నాకు ఒళ్లు మండిపోయింది. దవాఖాన మనిషే చెప్పింది కదా! అక్కడికక్కడే ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. "మీ ఫిర్యాదు నమోదైంది" అని వచ్చింది, అంతే.

"స్టేషన్‌కే పోదాం," అన్నాడు బాపు. "నేను గూడ వస్త. కొట్టేయించాలె. నా బండి మీద మచ్చ ఉండొద్దు."

మళ్లీ వెళ్లిన రోజు బాపును లోపల పడుకోబెట్టి, ఆయమ్మను సాక్ష్యానికి వీడియో తీద్దామని ఫోన్ ఎత్తాను. "అవ్వా, ర్యాంపు కాడికి బండి తెమ్మన్నది నువ్వే గదా? జర గట్టిగ చెప్పు."

"ఔ, నేనే."

"చలాన్ పడ్డది. కారు అడ్డం పెట్టిన్నంట."

ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓయమ్మ! కారు తెమ్మన్ననా బిడ్డా? నేన్జెప్పింది గీ బండి!" గోడ వారగా వరసలో ఉన్న వీల్‌చైర్ మీద చేత్తో చరిచింది. "నడవనోళ్లకు దెచ్చే బండి గిదే గదా. గీడ ఎవలనన్న అడుగు."

వీడియో ఆపేశాను. మా ఇంట్లో బండి అంటే స్టీరింగ్ ఉండేదే. ఇంకో బండి ఉంటుందని నాకు తట్టలేదు, తట్టే వీలు కూడా లేదు.

అయినా వెనక్కి తగ్గలేదు. స్టేషన్ ముందు రేకుల షెడ్డు కింద బల్ల వేసుకుని ఎస్సై కూర్చున్నాడు. కారు పక్కనే ఆపాను. ముందు సీట్లో బాపు, అద్దం దించి ఉంది.

ఎస్సై నా ఫోన్‌లో ఫోటో చూసి నవ్వాడు. "ఏమ్మా, ఇంకాస్త ముంగటికి పోతే కారు వార్డులకే ఎక్కుతుండె గదా. బెడ్డు గూడ ఇప్పిస్తుండిరి."

"జోకులొద్దు సార్. పేషెంట్ కోసం పెట్టిన."

"పేషెంట్ ఎవలు?"

"మా బాపు."

"నడుస్తడా?"

నేను కారు వైపు చూశాను.

"నడిస్తే గాడ పెట్టే పనేంది? నడవలేడంటవా, డాక్టర్ తోని కాయితం రాయించుకరా. నేనే పైకి పంపుత, కొట్టేస్తరు. లొల్లి ఎందుకు?"

ఆయన మాటలో తప్పేం లేదు. ఇప్పుడు ఆలోచిస్తే మంచిగానే చెప్పాడనిపిస్తుంది. అప్పుడు మాత్రం కాయితం అనే మాటకే నా గొంతు లేచింది.

"కాయితమేంది సార్? కండ్లకు కనబడ్తలేదా? మా బాపు నడవడు! ఇగ నడవడు!"

నడవడు అని ఆగినా సరిపోయేది. "ఇగ" అన్నది ఎస్సై కోసం కాదు. అంతకు ముందు వారం డాక్టర్ నన్ను వరండాలోకి పిలిచి చెప్పిన మాట అది. పెదనాయినకు కూడా చెప్పకుండా నాలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. ఇంట్లో చెప్పాల్సిన మాట షెడ్డు కింద, తెలియని మనుషుల ముందు అరిచాను.

"బిడ్డా," అని కారులోంచి పిలిచాడు బాపు.

నేను కదల్లేకపోయాను. ఎస్సైనే లేచి కారు దగ్గరికి వెళ్లాడు.

"సార్, నేను నడుస్త," అన్నాడు బాపు. మాట ఒకవైపుకు జారుతోంది, అయినా ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు. "నడిచెటోని బండే అది. తప్పు జాగల పెట్టినం. చలాన్ కడ్తం."

"అన్నా, కాయితం తెస్తే…"

"కాయితం లేదు సార్."

కారులో కూర్చుని ఫోన్‌లోనే కట్టాను. ఆకుపచ్చ టిక్కు వచ్చింది. కొట్టేయించాలని వచ్చిన మనిషే మచ్చ పెట్టించుకున్నాడు. బాపు ఎడమ చెయ్యి చాపితే ఫోన్ ఇచ్చాను. బొటనవేలితో ఆ ఫోటోను ఇంత చేసి, అంత చేసి చాలాసేపు చూశాడు. కారును చూస్తున్నాడనుకున్నాను.

"గీమె ఎట్ల దిగింది?"

వంగి చూశాను. మా కారు వెనక, ర్యాంపు మధ్యలో, వీల్‌చైర్‌లో ఒక ముసలామె. కిందికి జారకుండా ఒకాయన ఒళ్లంతా వెనక్కి వాల్చి బండిని ఆపుతున్నాడు. అన్ని రోజులు ఆ ఫోటోతో కొట్లాడినా నాకు నంబర్ ప్లేట్ తప్ప ఏదీ కనబడలేదు.

"తెల్వది బాపు."

ఊరు దాటాక అడిగాడు. "డాక్టర్ ఎన్నడు చెప్పిండు?"

"పోయిన వారం."

"ఊఁ," అన్నాడు.

తర్వాతసారి రానన్నాడు. ఆ తర్వాతసారి పెదనాయిన బతిమాలితే వచ్చాడు. దవాఖాన ముందు రోడ్డుకు అవతల, ఎప్పుడూ పెట్టే చోటే కారు ఆపాను. ఆయన చెయ్యి నా భుజం మీదికి తీసుకోబోతే లాక్కున్నాడు.

"బండి తే," అన్నాడు.

తాళంచెవి నా చేతిలో ఉంది. ఆయన కారులోనే కూర్చుని ఉన్నాడు. ఇంక తేవాల్సిన బండి ఒక్కటే. ఏ బండి అని అడగలేదు. ఆయనతో రెండోసారి చెప్పించడం నావల్ల కాదు.

దవాఖాన లోపల గోడ వార నుంచి ఒకటి తోసుకొచ్చాను. ముందు చక్రం ఒకటి కీచుమంటోంది. అందులో కూర్చోబెట్టి రోడ్డు దాటిస్తుంటే, బాపు మెడలోని తువాల తీసి ఎడమ చేత్తో ముఖం మీద కప్పుకున్నాడు. ర్యాంపు ఎక్కిస్తున్నంతసేపూ దాన్ని తియ్యలేదు.