అత్తయ్య ఆపిన లెక్క

ఈ ఉదయం ఫోన్‌లో ఒక మెయిల్ చూసి కాఫీ చల్లార్చుకున్నాను. మావయ్య చేసిన లెక్కను ఏ దేశంలోనో ఎవరో తమ కంప్యూటర్ మీద మళ్లీ చేసి ముగించారట. తెరిచి చూడాలంటే భయం. మావయ్య పోయాక ఆయన లెక్కల ఖాతా నా చేతికొచ్చింది, భయం కూడా దాంతోపాటే వచ్చినట్టుంది.

పాతపట్నంలో మావయ్యది విత్తనాల కొట్టు. బేరాలు లేనప్పుడు ఆయన ధ్యాసంతా ప్రధాన సంఖ్యల మీదే. ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ నిశ్శేషంగా భాగించలేని సంఖ్యలవి. రెండుని రెండుతో కోట్లసార్లు గుణించి ఒకటి తీసేస్తే వచ్చే మహా సంఖ్యల్లో ఏది ప్రధానమో వెతికే పనిని ప్రపంచమంతా పంచుకుంటారు. ఒకటి మావయ్య వాటాకి వచ్చింది. రాస్తే కొట్టు గోడలు చాలవు. నాలుగుతో మొదలుపెట్టి, వర్గం చేసి, రెండు తీసేసి, ఆ మహా సంఖ్యతో భాగించి శేషం ఉంచుకోవాలి. ఆ శేషాన్ని మళ్లీ వర్గం చేయాలి. నెలల తరబడి కంప్యూటర్‌కి ఇదే పని. చివరి శేషం సున్నా అయితే అది ప్రధాన సంఖ్య. మధ్యలో ఒక్క అంకె తప్పినా అంతా గంగపాలే, పైగా తప్పిందని చూస్తే తెలియదు. కరెంటు మినుక్కుమంటే చాలు, మావయ్య బేరం వదిలేసి లోపలి కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తేవాడు. కొనడానికొచ్చిన రైతులు ఇంట్లో ఎవరికో బాగోలేదనుకునేవారు.

ఆయుధపూజ నాడు ఆ ఇంట్లో పనిచేసే వస్తువేదీ కదలకూడదు. కాటా, కుట్టుమిషను, నీళ్ల మోటారు, అన్నిటినీ తుడిచి బొట్టుపెట్టి విశ్రాంతి ఇవ్వాలి. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు అత్తయ్య కంప్యూటర్‌కీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, భక్తిగా స్విచ్ తీసేసింది.

"ఒసే, ఆపీసినావేటే!" అని తడితలతో మావయ్య కేక.

"కాటాయే ఆగినాది. దీనికేటి గొప్ప? ఒక్క పూట సల్లగా ఉండనీ," అంది అత్తయ్య.

చేసినంత లెక్కను కంప్యూటర్ మధ్యమధ్యలో తనే దాచుకుంటుంది. సరిగ్గా దాచుకుంటున్న క్షణంలోనే అత్తయ్య ఆపిందేమోనని మావయ్యకి గుబులు. మర్నాడు ఆగిన చోటినుంచే నడిపించాడు. చివరికి శేషం సున్నా రాలేదు. "నీ సెయ్యి వల్ల కాదే, అది ప్రధానం కాదంతే," అన్నాడాయన. అత్తయ్య నమ్మలేదు. లోకం చెప్పుకునే సంఖ్యను తనే చెడగొట్టానేమోనని కుమిలిపోయేది. నేనెప్పుడు వెళ్లినా వంటింట్లోకి లాక్కెళ్లి, "నిజం సెప్పమ్మీ, నా వల్లే పోనాదేటి?" అని అడిగేది. ఇంకెవరైనా మొదటినుంచీ చేసి చూస్తేనే తేలుతుంది.

మెయిల్ తెరిచాను. మావయ్యకొచ్చిన శేషం, వాళ్లకొచ్చిన శేషం రెండూ ఒక్కటే. వెంటనే ఫోన్ చేసి, "అత్తా, మావయ్య లెక్క తప్పలేదు. నీ చెయ్యి వల్ల ఏమీ కాలేదు," అన్నాను. అత్తయ్య ఏడుస్తూ, "ఆ మడిసి సెప్తే నమ్మనేదు గదమ్మీ," అంది.

ఆ సంఖ్య ప్రధానం కాదన్నది మేమెవరమూ పుట్టకముందూ నిజమే. అది అత్తయ్య దాకా రావడానికే ఇన్నేళ్లు పట్టింది, ఈలోగా, నమ్మానని ఆమె చెప్పుకోవడానికి ఆయన లేకుండా పోయాడు.