తడి టవల్

తార్నాకలో నేను దిగిన హోటల్లో కాలం ఎప్పుడో ఆగిపోయినట్టుండేది. మెరూన్ కర్టెన్లు, వెలిసిపోయిన ప్లాస్టిక్ పూలు, ఉతికిన దుప్పట్ల వాసన. తెలంగాణ ఉద్యమం రోజులవి. యూనివర్సిటీ లైబ్రరీలో పనుండి కడప నుంచి వచ్చిన నేను, బంద్‌ల వల్ల గదిలోనే మగతగా రోజులు గడిపేదాన్ని.

గదులు సర్దే ఆమెది పక్కనే మాణికేశ్వర్ నగర్. పక్క పరిచాక, జ్వరం చూసినట్టు చెయ్యి తిరగేసి దుప్పటిని మెల్లగా తాకేది. "ఇగ పండుకోండి మేడమ్" అనేది.

రోజూ కిటికీ దగ్గర ఒక టవల్ తడిగానే మడిచి పెట్టి పోయేది. ఆరేయడానికి కూడా బద్ధకమా అని నాకు ఒళ్లు మండింది. మేనేజర్‌కి చెప్పాను. ఆయన నా ముందే ఆమెను కేకలేశాడు. ఆమె ఆ తడి టవల్ తీసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు టవల్ పొడిగా ఉంది. ఆ మధ్యాహ్నం క్యాంపస్ వైపు టప్ టప్‌మని చప్పుళ్లు. కిటికీ సందుల్లోంచి తెల్లటి పొగ, మంచులా, తీరిగ్గా లోపలికొచ్చింది. చూస్తుండగానే కళ్లలో కారం కొట్టినట్టయింది. ఆమె పరుగున వచ్చి నా కళ్ల మీద తడి టవల్ అదిమింది.

"రుద్దకుండ్రి. టియర్ గ్యాస్. గిందుకే రోజూ పెడ్తుంటి."

"ముందే చెప్పొచ్చు కదమ్మా!"

"ఆంధ్ర నుంచి ఒక్కరే వచ్చిండ్రు. భయపడ్తరని చెప్పలే."

చెయ్యి తిరగేసి నా నుదురు తాకి, తలుపు దగ్గరికేసి వెళ్లింది. వరండాలో ఆమె దగ్గు చాలాసేపు వినబడుతూనే ఉంది. తడి టవల్ నా దగ్గరే ఉండిపోయింది.