ఆరుమందిమి పోయినాము

నా చిన్నప్పుడు, ఇంకా పలక మీద ఒత్తులు దిద్దుతున్న వయసులోనే, నేను ఓడెక్కి పరదేశం పోయి వచ్చినవాణ్ణి. ఉద్దనపల్లిలో నాకంటే ముందు ఫారిన్ చూసిన పిల్లవాడు లేడు. అక్కడ ఒక తెల్లదొర నన్ను చూసి టోపీ తీశాడు. సముద్రం నా మోకాళ్ళ దాకా వచ్చి, వీడు బెదిరే రకం కాదని తెలుసుకుని వెనక్కి పోయింది.

ఈ సంగతి మొన్న హోసూరులో మా మనవరాలి ఇంట్లో చెప్పాను. మనవరాలు, ఆమె మొగుడు చెరొక ఫోనూ పట్టుకుని, రెండేళ్ళ కొడుకునూ నాలుగేళ్ళ కూతురినీ వెంటేసుకుని ఏ దేశం పోదామా అని వారం నుంచి వాదించుకుంటున్నారు. ఒకరు పాత గుళ్ళున్న దేశం అంటే, ఇంకొకరు తోలుబొమ్మలాటలున్న దేశం అంటారు. చివరికి మనవరాలికే విసుగొచ్చింది. "యాడికి పోతే ఏముంది తాతా! ఇంత చిన్న పిల్లకాయలకి ఏం గ్యాపకం ఉంటుంది? అంతా దండగ" అనింది. ఆ మాటకు నా నోరు ఊరుకోలేదు. అదే గదిలో ఒక మూల చాప మీద మా చెల్లెలు అనపకాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. ఓడ మాట వినగానే ఆమె చెయ్యి ఆగింది.

అందువల్ల ఓడ సంగతి ఇప్పుడే ఒప్పుకుంటాను. అది ఓడ కాదు, బస్సు. కిటికీలకు అద్దాల బదులు గోనెపట్టాలు వేలాడేవి. ఎత్తు ఎక్కాలంటే మగవాళ్ళంతా దిగి నడవాలి. దొర టోపీ తీసిన మాట నిజమేగాని, అది ఎండకు తల తుడుచుకోవడానికి. పరదేశం మాత్రం పచ్చి నిజం. మనకు స్వతంత్రం వచ్చాక కూడా కొన్నేళ్ళపాటు పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ళ జెండానే ఎగిరేది. కృష్ణగిరి నుంచి తిరువణ్ణామలై మీదుగా పోయే రోడ్డు ఒకచోట చౌకీ దగ్గర ఆగిపోయేది. అక్కడ మూటలు విప్పించి చూసేవాళ్ళు. రోడ్డుకు అడ్డంగా కట్టిన కొయ్య దాటితే ఎర్రటోపీ పోలీసులు, అర్థంకాని భాషలో వీధుల పేర్లు.

ఆ ఏడు నాకూ చెల్లెలికీ అమ్మవారు పోసి, చావు దాకా పోయి బతికి బయటపడ్డాము. నాకు ఆరేళ్ళు, చెల్లెలికి నాలుగు నిండలేదు. మా ఇంట్లో జానెడు ఇత్తడి ఎల్లమ్మ ఉండేది. పిల్లల్ని కాపాడిన ఎల్లమ్మకు పెద్దనీళ్ళలో స్నానం చేయిస్తానని మా తాత మొక్కుకున్నాడు. ఏ నీళ్ళు అన్న దగ్గర ఇంట్లో చర్చ మొదలైంది. మా అవ్వ కావేరి అంది. శ్రీరంగపట్నంలో ముంచి, అటునుంచి అటే మైసూరు పోతే పిల్లలు ఏనుగుల్ని చూస్తారంది. తాత సముద్రం అన్నాడు. మాసి మగం అనే అరవల పండగ రోజున పాండిచ్చేరి ఒడ్డుకు చుట్టుపక్కల ఊళ్ళ దేవుళ్ళంతా పల్లకీల్లో వచ్చి నీళ్ళాడతారట. కృష్ణగిరిలో చింతపండు వ్యాపారి ఎవరో చెప్పగా విని, ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాడు.

మా అమ్మ పుట్టి పెరిగాక రాయకోట సంత దాటి ఎరగదు. వంటింట్లో సంగటి కెలుకుతున్నా ఆమె చెవులు మాత్రం వసారాలోనే ఉండేవి. అది అవ్వ కనిపెట్టింది.

"నీకుండాది కదమ్మా సముద్రం మీద ఆశ? పోదాం పా. కానీ పిల్లకాయల్ని తేవద్దు అన్నా ఇనకుండా, నాలుగేండ్లు నిండని పిల్లని పరాయి రాజ్యానికి మోసుకోని పోతా ఉండావు. ఆడ ఈళ్ళకి ఏమన్నా అయిందా, నా ప్రాణం ఉండేదాకా నువ్వు ఈ గడప దాటేది లేదు. పుట్టింటికి గూడా లేదు."

అమ్మ సరే అంది. నాయన మత్తిగిరి పశువుల ఫారంలో పని చేసేవాడు, ఆయనకు సెలవు దొరకలేదు. కాబట్టి అమ్మ తరఫున మాట్లాడే మనిషి ఆ ప్రయాణంలో ఎవరూ లేరు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. సంబరం, భయం రెండూ ఒకే ముఖంలో అలా కలిసి ఉండగలవని అంతకుముందు నాకు తెలియదు.

పరదేశపు తిండి పిల్లలకు పడదని అవ్వ ఒక పెద్ద మూటెడు రాగిపిండి కట్టింది. తాత ఎల్లమ్మను ఎర్రగుడ్డలో చుట్టి, కొబ్బరికాయలు, పసుపు, కుంకుమతో పాటు బుట్టలో పెట్టాడు. చెల్లెలు తన చెక్కబొమ్మను చంకలో పెట్టుకుంది. రంగులు పూసిన ఆ బొమ్మ లేకుండా ఆమె అన్నం కూడా తినేది కాదు. జ్వరంలో ఉన్న అన్ని రోజులూ దాన్ని వాటేసుకునే పడుకుంది.

చౌకీ దగ్గర బస్సు ఆపారు. ఎంతమంది అని అక్కడి మనిషి అరవంలో అడిగాడు. తాత ఆరుమంది అన్నాడు. ఆయన మమ్మల్ని వేలితో లెక్కపెట్టి, ఐదుగురే ఉన్నారే, ఆరో మనిషిని ఎక్కడ దాచారని గద్దించాడు. బస్సంతా మావైపు తిరిగింది. తాత తొణక్కుండా బుట్ట దించి, ఎర్రగుడ్డ పక్కకు తీసి, "ఈమెతో ఆరుమందిమప్పా" అన్నాడు. ఆ మనిషి కాళ్ళకున్న జోళ్ళు విడిచి, మా మిగతా మూటలు తాకకుండానే పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దున్నే సముద్రం చూశాను. నీళ్ళంటే మాకు తెలిసింది బావి, మహా అయితే ఏరు. అవి ఉన్నచోట ఉండేవి. ఇది లేచి మనిషి మీదికి వస్తుంది. ఆ హోరుకు ఒళ్ళంతా బిర్రబిగుసుకుపోయింది. ఆ ఇసుకలో మేళాలు, గొడుగులు, పల్లకీలు. మా ఊరి జాతరలో ఒక దేవుడు బయటికొస్తేనే ఊరంతా గొప్ప. ఇక్కడ దేవుళ్ళు సంతకొచ్చిన రైతుల్లా ఒకరి వెనక ఒకరు వరస కట్టి నిలబడి ఉన్నారు. కోమటి వీధి దేవుడు, చేపలు పట్టే పల్లెకారుల దేవుడు, ఎక్కడెక్కడి అమ్మవార్లు, అందరినీ మోసుకుపోయి ఆ నీళ్ళలోకి దించుతున్నారు. అమ్మ మూటల మధ్య ఇసుకలో కూర్చుని, మమ్మల్ని రెండు వైపులా అదుముకుని, రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

తాత బుట్ట నెత్తిన పెట్టుకుని మొలలోతు నీళ్ళలోకి పోయాడు. అవ్వ చీర ఎగ్గట్టి పాదాలు తడిసేదాకా వెళ్ళి నిలబడింది. తాత తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టి, ఎర్రగుడ్డ తీసి విప్పాడు.

అందులో ఎల్లమ్మ లేదు. మా చెల్లెలి చెక్కబొమ్మ ఉంది.

పెద్ద కళ్ళు, ఎర్రటి బుగ్గలు వేసుకుని అది తాత ముఖంలోకి చూస్తోంది. తాత బుట్టలో చెయ్యిపెట్టి వెతికాడు. కొబ్బరికాయలే. అవ్వ నిలబడినచోటి నుంచే చూసి కూలబడిపోయింది. "మా ఇల్లు విడిచి పాయెనే ఎల్లమ్మ! చెప్తిని గదా, పిల్లకాయల్ని తేవద్దు అని చెప్తిని గదా! మైల పిల్లకాయలు, యాడ ముట్టుకున్యారో ఏమో! ఇంగ నువ్వు గడప దాటు సూస్తాను!" అని అమ్మ మీద పడి అరిచింది. చుట్టూ జనం మూగారు. అమ్మ ముఖంలో నెత్తురు లేదు. ఆ రెండు పూటల సంబరం ఆమె చేతుల్లోంచి ఇసుకలా జారిపోవడం నేను పక్కనే ఉండి చూశాను.

ఇక చెప్పేస్తాను, ఆ పని చేసింది నేనే. మా ఇంట్లో ప్రతి ఏడూ చవితి అయ్యాక మట్టి వినాయకుణ్ణి పెరటి బావిలో వేసేవాళ్ళం. మళ్ళీ రా సామీ అని తాత గట్టిగా కేకవేసేవాడు. మేము బావి గట్టు పట్టుకుని ఎన్నో రోజులు తొంగిచూశాము. ఆ సామి రాలేదు. నీళ్ళలోకి దించిన దేవుడు ఇక ఇంటికి రాడని మాకు తెలిసిపోయింది. సముద్రం లేని ఊళ్ళో పుట్టినవాళ్ళం, స్నానానికి పోయి తిరిగొచ్చే దేవుళ్ళుంటారని మాకెవరు చెప్పారు? జ్వరంలో మా తలాపున కూర్చున్న ఎల్లమ్మను పరాయి రాజ్యంలో ముంచేసి వస్తారా? ఆ పొద్దున పెద్దవాళ్ళు ఒళ్ళు కడుక్కునే సమయం చూసి, ఎల్లమ్మను తీసి రాగిపిండి మూటలో కూరి, ఆ గుడ్డలో చెల్లెలి బొమ్మను చుట్టాను. ఆరేళ్ళకే నా తెలివి చూడండి.

తాత అరవలేదు. అలలు వీపున కొడుతున్నా కదలకుండా ఒడ్డు వైపు తిరిగి, మా ఇద్దరి ముఖాలూ చాలాసేపు చూశాడు. ఏం కనిపించిందో ఆయనకు, వెనక్కి రాలేదు. ఆ చెక్కబొమ్మకే పసుపు రాశాడు, కుంకుమ పెట్టాడు. ఎల్లమ్మకు చెయ్యవలసిన మర్యాద ఒక్కటి కూడా తగ్గించకుండా చేసి, దాన్ని రెండు చేతులా పట్టుకుని నీళ్ళలో ముంచాడు. జనం నవ్వారు. అదే సమయానికి ఒక పెద్ద అల లేచి బొమ్మను చేతుల్లోంచి లాక్కుపోయింది. ఆ వెనకే తాత కూడా నీళ్ళలో పడ్డాడు. తలపాగా ఒక్కటే తేలుతోంది. మనిషి లేడు.

అవ్వ అమ్మను వదిలేసి నీళ్ళ వైపు పరుగెత్తింది. మేళాలు మోగుతూనే ఉన్నాయి గాని మాకు వినబడలేదు. ఈత కూడా రాని మనిషి మా తాత. ఎంతసేపో తెలియదు. నురుగులోంచి ముందు చెక్కబొమ్మ లేచింది, దాని కింద చెయ్యి, దాని కింద దగ్గుతూ తాత.

ఆయన ఒడ్డుకొచ్చి, ఒళ్ళంతా నీళ్ళు కారుతుండగా మా ముందు గొంతుక్కూర్చున్నాడు. రంగు కాస్త వెలిసిన బొమ్మను మా వైపు చాపాడు.

"సూడు తల్లీ, పోయింది, నీళ్ళాడింది, వచ్చేసింది. ఈ సముద్రం మన బావి మాదిరి కాదు. ఎవుర్ని తీసకపోయినా నేను ఇడిపించుకోని వస్తాను. ఇప్పుడు మన ఆరో మనిషిని పిలుస్తావా? పాపం, ఆమెకి గూడా నీళ్ళాడాలని ఉండదా?"

పిండిమూట విప్పాము. ఎల్లమ్మ తలనుంచి కాళ్ళదాకా రాగిపిండితో, సంగటి చేస్తూ మధ్యలో లేచొచ్చిన ఆడమనిషిలా బయటికి వచ్చింది. ముందు నవ్వింది అవ్వే. ఏడుస్తూనే నవ్వింది. తాత తలెత్తకుండానే ఆమెతో, "పిల్లకాయల్ని ఇంట్లో ఇడిచిపెట్టి వచ్చింటే, అమ్మోరి మీద ఇంత పాశం ఎవురికుండాదో మనకి తెలుసునా?" అన్నాడు. అవ్వ లేచి, అమ్మ కొంగుకు అంటిన పిండిని తన చేత్తో దులిపింది. ఆ తర్వాత ఎల్లమ్మ సముద్రంలో నీళ్ళాడింది, తాత మొలకు తాడుకట్టి ఇద్దరు పల్లెకారులు పట్టుకున్నారు. మరుసటి ఏడు మైసూరు ఏనుగుల్ని చూద్దామని మొదట అన్నది అవ్వ. ముందు నడిచింది మా అమ్మ.

ఇప్పటికీ ఎవరైనా పసిపిల్లల్ని చూపించి వీళ్ళకేం తెలుసు అంటే, నా ముక్కుకు ఉప్పునీళ్ళూ రాగిపిండీ కలిసిన వాసన తగులుతుంది. తప్పు చేసిన చేతిని పట్టుకునే ముందు ఆ చేతికి ఏ భయముందో చూడాలని మా తాత ఆ నీళ్ళలో నిలబడి నేర్పాడు. నా పిల్లల దగ్గర కొన్నిసార్లు మరిచాను, మనవల దగ్గర మరవలేదు. ఇదే మనవరాలికి చెప్పి, ఆరేళ్ళ వయసులో ఎల్లమ్మను కాపాడినవాణ్ణి కదా అని కాస్త ఛాతీ విరుచుకుని కూర్చున్నాను.

మూల నుంచి మా చెల్లెలు అనపకాయల చాట పక్కకు జరిపింది.

"ఏమన్నా, మూటలో పెట్టింది నువ్వా? నేను నిద్రలో గూడా ఇడవని బొమ్మ నీ చేతికి ఎట్ల వచ్చెనప్పా? ఎల్లమ్మకి బదులు ఇది పోతే పోనీ అని నేనే చుట్టినాను. తాత తల్లీ అనింది ఎవుర్ని, నిన్నా? నువ్వు మొదటి అలకే నిక్కరు తడుపుకోని అమ్మ కొంగులో దూరినావు. తాత మునిగింది గూడా నువ్వు సూడలేదు. ఇంటికొచ్చినాక నేను చెప్పితే విన్నావు."