మట్టికట్ట దాటించిన అక్కగారు

ఎదురింటి అక్కగారు పోయారు. మొన్న ఆదివారం పొద్దున కాఫీ కలుపుతుంటే మా పనావిడ పరుగెత్తుకొచ్చి చెప్పింది. గ్లాసు అక్కడే వదిలేసి వెళ్లేసరికి వాళ్ల గేటు దగ్గర పక్క బస్తీ ఆడవాళ్లు అప్పటికే కూలబడి ఏడుస్తున్నారు. అంటే కబురు నాకంటే ముందు వాళ్లకు చేరిందన్నమాట! ఆవిడ గుమ్మానికీ నా గుమ్మానికీ మధ్య ఉన్నది ఒక్క సిమెంటు రోడ్డు. నాకు ఏడుపుకంటే ముందు ఒళ్లు మండింది. ఉన్నమాట చెబుతున్నాను, ఎవరేమనుకున్నా సరే.

ఆవిడ శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆరోగ్య కేంద్రం సూపర్‌వైజరుగా తిరిగి తిరిగి రిటైరయ్యారు. మేం గోదావరి జిల్లా నుంచి వచ్చి, మేడ్చల్ దాటాక ఈ కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. కాలనీ సంఘానికి ప్రెసిడెంటును నేను. వినతిపత్రాలు రాసేది నేను, ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగేది నేను. మంచినీళ్ల ట్యాంకరు రాకపోయినా, పిల్లవాడిని కుక్క కరిచినా జనం కొట్టేది మాత్రం ఆవిడ తలుపే. ఆఖరికి మా ఆయన కూడా బీపీ మాత్ర మార్చాలంటే "అక్కగారిని ఒక మాట అడుగు" అనేవారు. పక్కనే ఉన్న నేను మనిషిలా కనబడనా?

సాయంత్రాలు వాళ్లింట్లో వార్తలు చూసేవాళ్లం. టీకాల కోసం దేశాలు కొట్టుకుంటున్నాయనో, ఒక దేశం ఇంకో దేశానికి మందులు పంపిందనో చెబుతుంటే ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అనేవారు: "సరిహద్దుల కాడ తుపాకులు వట్టుకోని కాపలా కాస్తరు గని, జెరాన్ని ఆపేటోడు ఎవడున్నడు చెల్లె? గందుకే మాట్లాడుకోవాలె. మన గల్లీల అయినా గంతే, ఢిల్లీల అయినా గంతే." నాకు నవ్వొచ్చేది. గల్లీ సంగతులకు అంత పెద్ద మాటలెందుకని.

మా కాలనీకీ పక్క బస్తీకీ మధ్య ఒక మురుగుకాలువ ఉంది. వానాకాలంలో ఆ నీళ్లు మా వీధుల్లోకి వస్తున్నాయని మా సంఘం కాలువకు అడ్డంగా మొరం మట్టి పోయించి కట్ట వేసింది. నీళ్లు బస్తీ వైపు నిలిచిపోయాయి. దానికి వాళ్లకు కోపమొచ్చి, దోమల పొగబండిని తమ గల్లీలోంచి మా వైపు రానివ్వలేదు. ఇంకేముంది, రెండు వైపులా జ్వరాలు. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి ఏడో నెల కడుపుతో మా ఇంటికి వచ్చి ఉంది. ఒక్క దోమ కనబడితే నాకు ప్రాణం పోయినంత పనయ్యేది. ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టాను, కట్ట మీద నిలబడి గొంతు పోయేలా అరిచాను. వాళ్లూ అంతకు రెట్టింపు అరిచారు.

అక్కగారు తాపీగా వచ్చి సోఫాలో కూర్చున్నారు.

"సీమంతం జేస్తున్నవట గద చెల్లె. బస్తోళ్లను గూడ పిలువు."

"వాళ్లనా? చచ్చినా పిలవను."

"కాల్వ ముచ్చట ఎత్తకు. ఉత్తగ బొట్టు వెట్టి రా."

కుదరదని తెగేసి చెప్పాను. లోపలి గదిలోంచి మా అమ్మాయి అందుకుంది. "నువ్వు వెళ్లకపోతే నేనే వెళ్లి పిలుస్తానమ్మా. పెద్దమ్మ తోడొస్తుంది."

పెద్దమ్మట! కడుపుతో ఉన్న పిల్లను ఆ మురికినీళ్లలో ఎలా దిగనిస్తాను? కుంకుమ భరిణె పట్టుకుని నేనే బయల్దేరాను.

కట్ట దిగగానే కుచ్చిళ్లు తడిసిపోయాయి. మొదటి ఇంట్లోనే ఒక పిల్ల, మా అమ్మాయి ఈడుదే, తనూ కడుపుతో ఉంది, దుప్పటి కప్పుకుని వణుకుతోంది. బొట్టు పెట్టబోతే నుదురు కాలిపోతోంది. "పిలిశినవు, మంచిదే. గీ నీళ్లల్లకెంచి ఎట్ల రావాలె అమ్మా?" అంది వాళ్ల అత్త. మిగతా ఇళ్లకూ బొట్టు పెట్టి వచ్చి, ఆ సాయంత్రమే జేసీబీని పిలిపించి కట్ట తీయించాను. మర్నాడు పొగబండి బస్తీ గల్లీలోంచే మా కాలనీకి వచ్చింది. అక్కగారు ఆ పిల్లను ఆసుపత్రిలో చేర్పించి, గండం గడిచేదాకా మంచం పక్కనుంచి కదల్లేదు.

నన్ను నడిపించింది ఆవిడేనని సీమంతం రోజుకు గాని తట్టలేదు. బస్తీ ఆడవాళ్లు గాజులు పట్టుకుని వచ్చారు. మా అమ్మాయి చెయ్యి చాచింది. ఎవరి వైపు? పెద్దమ్మ వైపు! మొదటి గాజు ఆవిడే తొడిగారు. నేను తాంబూలాలు సర్దుతున్నట్టు నటించాను. పైగా ఆవిడ అందరూ వినేలా, "మా ప్రెసిడెంటమ్మ పెద్ద మనసు జేసి కట్ట తీపిచ్చింది" అన్నారు. చప్పట్లు. ఆ మెప్పు కూడా ఆవిడ పెడితేనే నాకు దక్కిందా అని ఆ రాత్రి అన్నం సయించలేదు.

తర్వాత నిలదీశాను, ఎందుకలా చెప్పారని. "గెలిచింది ఎవలో తెల్వకుంటనే పని అయిపోవాలె చెల్లె. తెలిస్తె ఓడినోళ్లు మల్ల మన్ను వోస్తరు" అన్నారు. ఆ మాటకూ కుళ్లుకున్నాను. నాకెందుకు తట్టదు ఇలాంటిది? ఇవాళ మా మనవరాలు ఇల్లు పీకి పందిరేస్తోందంటే అది ఆవిడ చలవే. కాదనను. కాదనలేకపోవడమే నా బాధ.

ఆదివారం మా అమ్మాయి వచ్చి ఆవిడ కాళ్ల మీద పడి ఏడుస్తుంటే ఉండబట్టలేక, "నేను పోయినా ఇలాగే ఏడుస్తావా?" అని అడిగేశాను. "ఇప్పుడా అమ్మా ఆ మాట!" అని కసిరింది.

ఇంతలో గేటు దగ్గర గొడవ. కాలనీ వాళ్లు వైకుంఠరథం పిలిపించారు, మెయిన్ రోడ్డు మీదుగా వెళ్దామంటారు. "మా గల్లీలకెంచే వోవాలె. మా భుజాల మీదనే వోవాలె" అని బస్తీ వాళ్లు అడ్డం నిలబడ్డారు. గొంతులు లేచాయి. నాగారం నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు పరేషానై, "మీరే ఏదన్న ఒకటి చెప్పుర్రి ప్రెసిడెంటమ్మా" అన్నాడు.

కాలనీ, బస్తీ, అందరూ నా వైపే చూస్తున్నారు. ఇన్నేళ్లూ నేను పడి చచ్చిన చూపు అది.

నేను ఆవిడ వైపు చూశాను, ఏం చెబుతారోనని.