పీతల వాగులో నా ముప్పై

తొంభైల చివర్లో ఫిజీలోని లబాసాలో మడ అడవుల పీతల సంగతి చూడటం నా ఉద్యోగం. ఒక వాగులో పీతలు తగ్గాయన్నారు. రెండేళ్లు వేట ఆపాలా వద్దా అన్నది మేం తేల్చాలి. పాత లెక్కలు లేవు. అలాంటప్పుడు తెలిసినవాళ్ల అంచనాలే దిక్కు. దాన్నే ఎక్స్‌పర్ట్ జడ్జిమెంట్ అంటాం.

యంగోనా, అంటే అక్కడివాళ్లు తాగే వేరు పానీయం, ఆ గిన్నె చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. ఒకప్పుడు వంద పీతలుంటే ఇప్పుడెన్ని మిగిలాయన్నది ప్రశ్న. ముప్పై అన్నాను, ఎవరూ అడక్కముందే. అందరూ తలలూపారు. వాగు రెండేళ్లు మూసేద్దామని తేల్చాం, రెండో కొబ్బరిచిప్ప తిరిగేలోపే మీటింగు అయిపోయింది. ఇంత తొందరగా ఒప్పుకున్నారంటే నేను చెప్పిందే నిజమని మురిసిపోయాను.

మర్నాడు మేరే అనే ఆవిడ వచ్చింది. ఏళ్లతరబడి ఆ వాగులో పీతలు పట్టి లబాసా మార్కెట్లో అమ్ముతోంది. ఇల్లు గడిచేది దానిమీదే. "రెండేళ్లు నేనేం తినాలి దీదీ, మీ కాగితాలా?" అని హిందీలో కడిగేసింది. నేనూ ఊరుకోలేదు.

మా పై అధికారి మాత్రం ఆమెనీ కూర్చోబెట్టి మళ్లీ అడుగుదామన్నాడు. ఈసారి ముందుగా ఎవరూ నోరు విప్పకూడదు. తక్కువలో తక్కువ ఎన్ని, ఎక్కువలో ఎక్కువ ఎన్ని, మీకు తోచిన అంకె ఏది, దానిమీద నమ్మకమెంత: ఇవి పేరు లేకుండా రాసివ్వాలి. చర్చ ఆ తర్వాతే.

నేను ఇరవై ఎనిమిది నుంచి ముప్పై రెండు అని రాశాను. మొన్న తలలూపినవాళ్లు యాభై, అరవై రాశారు! ద్రాసా ఊరి నుంచి బదిలీ మీద వచ్చిన గోపాల్‌ని, మన తెలుగువాడే, మరి మొన్న తలెందుకూపావని అక్కడే నిలదీశాను.

"కాదంటే సాయంత్రం దాకా వాదిస్తారక్కా. నాకు బస్సుంది," అన్నాడు.

ఒక కాగితంలో ఇరవై నుంచి డెబ్బై అని ఉంది. ఆ మధ్యలో చెరకు లారీ తిప్పుకోవచ్చని వెక్కిరించాను.

"అది నాదే," అంది మేరే. "అడవి లోపల పీతల్లేవు. వాగు సముద్రంలో కలిసేచోట ఉన్నాయి. మీరడిగింది ఏ చోటు?"

మాలో ఒక్కరికీ ఆ ప్రశ్న తట్టలేదు. రెండు చోట్లకీ విడివిడిగా రాశాం, పీతలు పట్టే బుట్టలు వేసి చూశాం. లోపల నా ముప్పైకి దగ్గరగానే తేలింది. సముద్రం వైపు అంతకు రెట్టింపు. లోపల మూశాం. మేరే సముద్రం వైపు పట్టుకుంటూనే ఉంది.

లోపలి సంగతి నేను సరిగ్గానే చెప్పాను, ఇప్పటికీ వాదిస్తాను. కానీ నా గొంతు వల్ల ఐదుగురికి తెలిసింది బయటికి రాలేదు. అప్పట్నుంచి నా అంకె కాగితం మీద రాసి, మడిచిపెట్టి, అందరి తర్వాతే మాట్లాడుతున్నాను. అదెంత కష్టమో మా ఆఫీసులో ఎవర్నడిగినా చెప్తారు.