చిట్టమ్మ వంతు

గౌరీశ్వరిది భూదేవంత ఓర్పని కొండవాలు కాలనీలో అందరూ అంటారు. కొళాయి దగ్గర ఎవరు ఎవరి జుట్టు పట్టుకున్నా విడదీసేది ఆవిడే, ఎవరేమన్నా నవ్వేసేదీ ఆవిడే. ఇల్లు కొళాయి పక్కనే కనక బిందె మాత్రం ఎప్పుడూ వరసలో ముందుండేది. నీళ్ళు దొరికేవాళ్ళకి ఓర్పుకేం కొదవ!

నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున్నే వస్తాయి. ముందు సాయంత్రమే బిందెలు వరసలో పెట్టేసి మనుషులు ఇళ్ళకి పోతారు. బిందె నిలబడితే మనిషి నిలబడినట్టే.

కొండమీద చివరింట్లో ఒంటరిగా ఉండే ముసలి చిట్టమ్మ కూడా సొట్టబిందె తెచ్చి పెట్టేది. పిల్లల తల్లులు రాగానే ఆ బిందె వెనక్కి జరిగేది. ‘కాసేపాగు పిన్నీ’ అని అందరికంటే తియ్యగా చెప్పి జరిపేది గౌరీశ్వరే. చిట్టమ్మ వంతు వచ్చేసరికి కొళాయి గురకపెట్టేది. ఓర్చినమ్మకు తేటనీరు అన్నవాడు ఈ కొళాయి దగ్గర నిలబడి ఉండడు. ముసలిది కిమ్మనకుండా ఖాళీబిందెతో మెట్లెక్కిపోయేది.

ఈ వేసవిలో వడదెబ్బ తగిలి చిట్టమ్మ పోయింది. మేనల్లుడు వరహాలు కర్మకాండ ముగించి, ఇంటికి తాళం వేసి, సొట్టబిందెని పాతసామాన్లవాడికి ఇచ్చేశాడు. అందరూ చూశారు.

ఆ మర్నాడు పొద్దున్న అదే బిందె వరసలో అందరికంటే ముందుంది.

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకుని గౌరీశ్వరి దాన్ని కొళాయి కింద పెట్టింది. నీళ్ళు పడుతూనే ఉన్నాయి, బిందె నిండలేదు. కింద నేల పొడిగానే ఉంది. పక్కకి లాగబోతే, నీళ్ళు ఆగేదాకా అది కదల్లేదు. కొళాయి ఆగిపోయింది, అందరూ ఖాళీబిందెలతో ఇళ్ళకి వెళ్ళారు. పసిబిడ్డ తల్లి పుష్ప కోపం పట్టలేక దాన్ని కొండ కింద పారే గెడ్డలోకి విసిరేసింది. మళ్ళీ నీళ్ళొచ్చే రోజు, కొళాయి ఇంకా రాకముందే చూస్తే, అది వరసలో ముందే ఉంది.

గౌరీశ్వరి లోపల చెయ్యి పెట్టి చూసింది. అడుగు ఎండలో బండలా కాలుతోంది. భయం వేసింది. వెనకే సిగ్గు కూడా వచ్చింది, భయంకంటే అదే ఎక్కువ బాధించింది. లోపలికి వెళ్ళి ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క బిందెడు నీళ్ళూ తెచ్చి అందులో పోసేసింది. సొట్టబిందె అంచుదాకా నిండింది.

పుష్ప నోరు నొక్కుకుంది. “పిచ్చేటి వదినా? నీకు గొంతు తడుపుకోడానికి సుక్క నేదు.”

“నాను ఆగుతాను. ఇన్నాళ్ళూ పిన్ని ఆగలేదేటి?”

బిందె చంకనెత్తుకుని మెట్లెక్కింది. తాళం వేసిన గుమ్మం ముందు దించి, వెనక్కి తిరిగి రెండు మెట్లు దిగిందో లేదో, వెనక గుటక వినిపించింది. ఆ వెంటే ఇంకోటి. ఎవరో తీరుబడిగా తాగుతున్నారు.

పరిగెత్తాలనిపించింది, అయినా ఆగింది. కింద కొళాయి వచ్చింది. పుష్ప బిందె నిండింది, దాని వెనకది నిండింది. నీళ్ళు ఆగిపోతాయి, వేగిరం దిగమని పుష్ప కేకేసింది.

గౌరీశ్వరి వెనక్కి చూడలేదు. మెట్టుమీద చతికిలబడి, ఆ గుటకలు ఆగేదాకా కూర్చుంది.

ఆమె కిందికి దిగేసరికి కొళాయి గురకపెడుతోంది.