పాకాల బాస్కెట్‌బాల్ క్లబ్బు, హిదాయతుల్లా కెప్టెను

పాకాల జంక్షన్‌లో దిగి పరుపుల హిదాయతుల్లా ఇల్లు యాడ అని అడిగితే ఎవరూ చెప్పరు. కెప్టెన్ ఇల్లు అనండి, వీధికుక్క కూడా తోడొచ్చి చూపిస్తాది. మనిషి ఆరడుగుల పైమాటే. పరుపు కుట్టేటప్పుడు ఈ కొసన కూర్చుంటే సూది ఆ కొస దాకా పోయి వచ్చేది, లేచే పనే లేదు.

ఆ పొడుగు చూసే బియ్యం మిల్లు కుప్పుస్వామి ఆయన్ని పిలిచి, ఉడికించిన వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లానికి రెండు పక్కలా ఇనుప రింగులు నిలబెట్టించినాడు. సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆట. వడ్లు లేని పగళ్లలో ఊరి ఆడవాళ్లు అదే కళ్లంలో చింతపండు కొట్టి గింజ తీసేవాళ్లు. ఆ జిగురు కడిగినా పోయే రకం కాదు. తిరుపతి నుంచి కొత్త బూట్లతో వచ్చిన జట్టు మొదటి ఆటలోనే నేలకు అతుక్కుపోయింది. ఒకడు ఎగిరితే వాడొక్కడే పైకి పోయినాడు, బూట్లు కిందనే ఉండిపోయినాయి. మనోళ్లవి ఉత్తి కాళ్లు, పుట్టినప్పటి నుంచి చింతపండు తొక్కిన కాళ్లు. గెలిచినారు. చిత్తూరోళ్లనూ, పుత్తూరోళ్లనూ అట్లే గెలిచినారు.

కుప్పుస్వామికి గెలుపు తలకెక్కింది. "లండన్‌లో ఆటగాళ్లకు నెలజీతాలంట భాయ్. మనమేం తక్కువా?" అని క్లబ్బు పెట్టినాడు. వేలూరు నుంచి జీతానికి ఆడే జీతగాళ్లు వచ్చినారు. పసుపుపచ్చ బనీన్లు, ఒక వ్యాను. హిదాయతుల్లా కెప్టెను, మేనేజరు, అందరికీ బిరియానీ వండే మనిషి కూడా. ఆ ఏడాది వాళ్లు గెలిచి వస్తా ఉంటే కాట్పాడి ప్యాసింజరే గేటు కాడ నిలబడి వ్యానుకు దారిచ్చింది. నమ్మకపోతే గార్డునే అడగండి.

ఆ పైనే కొంప మునిగింది. జీతగాళ్లు ఆడే తావులో చింతపండేమిటని కుప్పుస్వామి కళ్లాన్ని గీకించి, నున్నగా పూయించి, నీలం రంగు కొట్టించినాడు. ఆడవాళ్లను అటు రావద్దన్నాడు, అక్కడ వడ్లు ఆరబోసేది కూడా మాన్పించినాడు. అంతే, వచ్చిన ప్రతి జట్టూ ఆ నున్నటి నేల మీద హంసల్లే తేలిపోయి మనోళ్లను చిత్తు చేసి పోయింది. వేలూరోళ్లు వేరే క్లబ్బులు చూసుకొని ఒక్కొక్కడే జారుకున్నారు. చివరికి ఐదో మనిషి లేక వ్యాను డ్రైవరుకే బనీను తొడగాల్సి వచ్చింది.

హిదాయతుల్లాకు ఆట మీద మోజు ఎప్పుడో తీరిపోయింది. మోకాలు వాచింది, దుకాణంలో సూది తుప్పు పట్టింది. కానీ మూసేద్దామని కుప్పుస్వామికి ఎట్లా చెప్పేది? అంత ఆశతో పెట్టిన మనిషి, గుండె ఆగిపోతే? ఆ మాట నోటి దాకా వచ్చి తిరిగి కడుపులోకి పోయేది.

"రుహీ అబ్బా," అనింది భార్య మదార్‌బీ, ఎప్పట్లాగే కూతురి పేరుతో పిలిచి, మోకాలికి ఆముదం రుద్దతా, "ఈ కాలు పెట్టుకొని రేపు పరుపులెట్లా కుడతావు? పోయి చెప్పి రా."

"ఆయన మొగం సూస్తే నోరు రాదే."

"అయితే కండ్లు మూసుకొని చెప్పు."

ఆదివారం పొద్దున మిల్లుకు పోయినాడు. కుప్పుస్వామి కుర్చీ వేసి, తమలపాకుల పళ్లెం ముందుకు తోసినాడు.

"రా భాయ్. వచ్చే ఏటికి ఎర్ర బనీన్లు కుట్టిద్దామా?"

"ఎరుపు బాగుంటాదన్నా," అనేసి హిదాయతుల్లా నాలుక కరుచుకున్నాడు.

"వ్యాను కూడా పెద్దది తీసుకుందాం." కుప్పుస్వామి గొంతు బావిలోనుంచి వచ్చినట్టుండాది.

"తీసుకుందాం."

హిదాయతుల్లా కండ్లు గట్టిగా మూసుకున్నాడు.

"అన్నా, మన్నించు. నాతో కాదు. క్లబ్బు మూసేద్దాం."

మనిషి గుండె ఆగిపోయిందేమోనని ఒక కన్ను తెరిచినాడు. కుప్పుస్వామి రెండు చేతులూ ఎత్తి దండం పెడతా ఉండాడు.

"బతికించినావు భాయ్! వడ్లు ఆరబోసే తావు లేక మిల్లు పడుకోనుండాది. నువ్వేమో ప్రాణం పెట్టి ఆడతా ఉండావు, నిన్నెట్లా నొప్పించేదని నడపతా ఉండాను!"

"నేనా? నేను నీకోసం ఆడతా ఉంటే!"

ఆ నవ్వుకు మిల్లు రేకుల మీది పావురాలు దామలచెరువు దాకా ఎగిరిపోయినాయి. హిదాయతుల్లా గుండెల మీది బండ దిగిపోయి, మోకాలి నొప్పి కూడా సగం తగ్గింది.

ఇంక ఊరికి చెప్పాల. వారం వారం వచ్చి చప్పట్లు కొట్టినోళ్లు ఏడుస్తారేమోనని ఇద్దరూ మొగాలు బరువుగా పెట్టుకొని చిన్నబ్బ టీ అంగడికి పోయి సంగతి చెప్పినారు.

"అంటే," అన్నాడు చిన్నబ్బ గ్లాసు తుడస్తా, "ఈపొద్దు ఆట లేదా? ఇంకెప్పుడూ లేదా?"

"లేదప్పా."

"అమ్మయ్య! కెప్టెన్ బాధపడతాడని మా ఇంట్లోవాళ్లను కూడా లాక్కొచ్చి చప్పట్లు కొట్టిస్తా ఉంటిని."

బెంచీ మీది మునివెంకటప్ప కండువా దులుపుకొని లేచినాడు. "నేను అత్తగారింటికి పోయి ఏడాదాయ. ఆదివారాలన్నీ దీనికే పాయ."

హిదాయతుల్లాకు కొంచెం రోషం వచ్చింది. "అంత అధ్వానంగా ఆడినామా అబ్బా?"

అందరూ టీలోకి చూసినారు.

"ఛఛ, అట్లేం లేదు కెప్టెన్," అన్నాడు చిన్నబ్బ, "మొన్న కూడా బాగానే..."

"చాలు!" అన్నాడు హిదాయతుల్లా, రెండు చేతులూ అడ్డం పెట్టి. "మొగమాటానికి మీరు బాగుందంటారు, మొగమాటానికి మేము మళ్లీ ఆడతాము. ఒక టీ పొయ్యి చిన్నబ్బా."